ఆర్.ఇ.ఎమ్. 15 ఆల్బమ్‌లు: ఏళ్ళ తరబడి విన్నాక ఏవి నిలిచాయి

ముందు ఒక పాట పేరు సంగతి తేల్చేద్దాం. అమెరికన్ రాక్ బృందం ఆర్.ఇ.ఎమ్. పాడిన ‘లూజింగ్ మై రెలిజియన్’కీ మతానికీ సంబంధం లేదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో అదొక పలుకుబడి. మనం ‘ఓపిక చచ్చిపోయింది’ అంటామే, దాదాపు ఆ అర్థంలో వాడతారు. ఒకరి మీద మనసు పడి, చెప్పాలా వద్దా, మరీ ఎక్కువ చెప్పేశానా, అసలేమైనా చెప్పానా అని లోలోపల కొట్టుకునే మనిషి గోల ఆ పాట. మనలో చాలామందికి ఆర్.ఇ.ఎమ్. అంటే ఆ ఒక్క పాటే. అది నచ్చి ‘ఔట్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్ మొదటినుంచీ పెడితే, మొట్టమొదటి పాటలోనే ర్యాప్ ఎదురవుతుంది. కాసేపటికి పిల్లల పుట్టినరోజు పాటలా ‘షైనీ హ్యాపీ పీపుల్’ వస్తుంది. అక్కడితో ఆపేసినవాళ్ళు ఎందరో. వాళ్ళు తప్పు గుమ్మంలోంచి వెళ్ళారంతే.

బృందం పుట్టింది 1980లో, జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో. యూనివర్సిటీ ఊరు. అట్లాంటాలో ఉంటున్న మనవాళ్ళకి కారులో గంటన్నర దారి. గొంతు మైకేల్ స్టైప్, గిటార్ పీటర్ బక్, బేస్ మైక్ మిల్స్, డ్రమ్స్ బిల్ బెర్రీ. పాట ఎవరికి తట్టినా నలుగురి పేర్లూ సమానంగా వేసుకున్నారు. అది మర్యాద కోసం పెట్టుకున్న ఏర్పాటు కాదని వినగా వినగా తెలుస్తుంది. ఎన్నిసార్లు విన్నా అరగని వాళ్ళ ఆల్బమ్‌లకి ఒకటే గుర్తు: స్టైప్ గొంతు పక్కన పెట్టేసినా మిగతా ముగ్గురు చేసే పని వినబుద్ధవుతుంది. అరిగిపోయిన వాటిలో గొంతు తప్ప ఇంకేం మిగలదు.

మొదలుపెట్టాల్సింది 1983 ఏప్రిల్‌లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘మర్మర్’తో. 12 పాటలు, 44 నిమిషాలు. దీనికి ముందు వాళ్ళ రికార్డు కంపెనీ ఐ.ఆర్.ఎస్. వేరే నిర్మాతతో ఒక ప్రయత్నం చేయించింది. ఆయన క్లిక్ ట్రాక్‌కి (లయ తప్పకుండా చెవిలో టక్‌టక్‌మని కొట్టే యంత్రానికి) వాయించమని పట్టుబట్టి, టేక్ మీద టేక్ చేయించి, ఆపైన సింథసైజర్ పూత పూశాడు. నలుగురికీ నచ్చలేదు. తమ తొలి ఈపీ (నాలుగైదు పాటల చిన్న రికార్డు) చేసిపెట్టిన మిచ్ ఈస్టర్ దగ్గరికే తిరిగి వెళ్ళారు. ఈస్టర్, డాన్ డిక్సన్ కలిసి నార్త్ కరోలినాలోని షార్లట్‌లో ఈ ఆల్బమ్ రికార్డు చేశారు. 1983లో గిటార్ బృందాల రికార్డుల్లో డ్రమ్ములు గోదాములో మోగినట్టుండేవి. ఇందులో బెర్రీ డ్రమ్స్ పొడిగా, దగ్గరగా వినిపిస్తాయి. నలభై ఏళ్ళ తర్వాత కూడా రికార్డు పాతబడకపోవడానికి సగం కారణం అదే.

బక్ గిటార్ రికెన్‌బ్యాకర్ 360. తీగలన్నీ ఒక్కసారిగా గీరడు. కార్డుని (కలిసి మోగాల్సిన స్వరాల గుంపుని) విడదీసి తీగ తర్వాత తీగ మీటుతాడు. వేలు పెట్టని తీగలు పక్కన మోగుతూనే ఉంటాయి. సోలోలు దాదాపు ఉండవు కాబట్టి, సోలో కోసం కాచుకుని కూర్చునేవాళ్ళకి ఈ బృందం విసుగే. గిటార్ అలా నిలకడగా మెరుస్తుంటే, రాగం అందుకునే పని మిల్స్ బేస్ చేస్తుంది. మామూలుగా రాక్‌లో బేస్ కింద నేల పరుస్తుంది. ఇక్కడ పైకెక్కి గొంతుకి బదులు చెబుతుంది. ఫోన్ స్పీకర్లో వింటే ఈ సంభాషణ మొత్తం పోతుంది, మిగిలేది గిటార్ గలగల మాత్రమే. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు, కానీ బేస్ గీత విడిగా వినపడాలి.

మాటల సంగతి. అర్థం కావు. మీ ఇంగ్లీషులో లోపం లేదు. జార్జియాలో పుట్టి పెరిగినవాళ్ళకీ అర్థం కాలేదు. స్టైప్ మాటల్ని నములుతాడు, వాక్యాలు సగంలో వదిలేస్తాడు, మిక్సింగ్‌లో గొంతుని వాద్యాల మట్టానికి దించేశారు. పైగా 1998 దాకా వీళ్ళు ఆల్బమ్‌తో పాటు సాహిత్యం అచ్చు వెయ్యలేదు. ఒకే ఒక్క మినహాయింపు 1988 ‘గ్రీన్’లోని ‘వరల్డ్ లీడర్ ప్రిటెండ్’. అందుకే తొలినాటి పాటలకి సైట్లలో దొరికే సాహిత్యం చాలావరకు విన్నవాళ్ళ ఊహ. రెండు చోట్ల చూస్తే రెండు రకాలుగా ఉంటుంది. దాన్ని ముందు పెట్టుకుని వినకండి. హిందుస్తానీ ఖయాల్ వింటూ బందిష్ మాటల కోసం ఎవరూ ఆగరు కదా, అలా వినండి. మూడో సారికో నాలుగో సారికో ‘పర్ఫెక్ట్ సర్కిల్’లో రెండు పియానోలు ఒకే స్వరాల్ని జోడుగా పలకడం పట్టుబడుతుంది. ‘వి వాక్’లో వెనక ఉరుములా దొర్లే చప్పుడు బిలియర్డ్స్ బంతులు గుద్దుకున్న శబ్దం, టేప్ వేగం తగ్గించి వేశారు. అట్ట మీద బొమ్మ కుడ్జు తీగది. మన చెరువుల్ని గుర్రపుడెక్క కమ్మేసినట్టు జార్జియా పొలాల్నీ చెట్లనీ కమ్మేసే తీగ. లోపలి సంగీతానికి అంతకంటే సరైన బొమ్మ దొరకదు.

ఇక్కడొక చిక్కు. ‘రేడియో ఫ్రీ యూరప్’కి రెండు రూపాలున్నాయి. 1981లో హిబ్-టోన్ అనే చిన్న రికార్డు కంపెనీ సింగిల్‌గా (విడిపాటగా) వేసినది ఒకటి, ‘మర్మర్’ కోసం మళ్ళీ రికార్డు చేసినది ఇంకొకటి. మొదటిది వేగంగా, కాస్త మసకగా, నలుగురూ ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తినట్టుంటుంది. నా ఓటు దానికే. అది 1988 సంకలనం ‘ఎపోనిమస్’లో ఉంది. తొలి ఈపీ ‘క్రానిక్ టౌన్’, 1982, ఐదు పాటలు, విడి సీడీగా దొరికింది 2022లోనే. అంతకుముందు కావాలంటే ‘డెడ్ లెటర్ ఆఫీస్’ అనే సంకలనం సీడీ కొని 16వ పాట నుంచి 20వ పాట దాకా వినడమే దారి. పాత సీడీ ఎక్కడైనా కనిపిస్తే వదలకండి. అందులో ‘వాయిస్ ఆఫ్ హెరాల్డ్’ అనే వింత కూడా ఉంది. ‘సెవెన్ చైనీస్ బ్రదర్స్’ పాడుతుంటే స్టైప్ గొంతు పెగల్లేదట. డిక్సన్ అక్కడ పడున్న ఒక భక్తిగీతాల ఎల్‌పీ చేతిలో పెట్టాడు. స్టైప్ దాని వెనక అట్ట మీది రాతని, పాడినవాళ్ళ పొగడ్తలూ పేర్లతో సహా, అదే వరసలో పాడేశాడు. క్యాసెట్ వెనక ఉన్న ప్రకటనని ఎవరైనా రాగం తీసి పాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నవ్వొస్తుంది, కానీ అసలు పాటకంటే ఇందులోనే గొంతు విచ్చుకుంది.

‘రెకనింగ్’ (1984) అదే జట్టు, 10 పాటలు, 38 నిమిషాలు. ‘మర్మర్’లో పొగమంచు మీకు ఇబ్బందయితే ఇక్కడినుంచి మొదలుపెట్టినా నష్టం లేదు. నలుగురూ గదిలో నిలబడి వాయించినట్టే ఉంటుంది. ‘ఫేబుల్స్ ఆఫ్ ద రికన్‌స్ట్రక్షన్’ (1985) మీద చెడ్డపేరుంది. లండన్ చలిలో నిర్మాత జో బాయిడ్ దగ్గర ఇబ్బందిపడుతూ చేశారు, ఆ నిస్సత్తువ రికార్డులో వినిపిస్తుంది. అయినా దక్షిణాది పల్లెల వింత మనుషుల మీద అల్లిన ఈ పాటలకి ఆ మబ్బు నప్పింది. రైలు పాట ‘డ్రైవర్ 8’లో బక్ గిటార్ పట్టాల మీద చక్రాల లయని పట్టుకున్న తీరు చాలు. ఒక్క హెచ్చరిక: మొదటి పాటే ముడుచుకుని కూర్చుంటుంది. రెండు మూడు సార్లు ఓపిక పట్టాలి.

1986 ‘లైఫ్స్ రిచ్ పేజెంట్’ దగ్గర పొగమంచు విడిపోయింది. నిర్మాత డాన్ గెమన్ డ్రమ్ములు పెంచి, గొంతుని ముందుకి లాగాడు. ‘ఫాల్ ఆన్ మీ’ ఒక్కటి తీసుకుని పది సార్లు వినండి. మొదట స్టైప్‌ని, తర్వాత అతన్ని వదిలేసి మిల్స్‌ని, ఆ తర్వాత బెర్రీని. మూడు గొంతులు మూడు వేరు వేరు వరసల్లో నడుస్తూ పల్లవిలో ముడిపడతాయి. వెనక పాడేవాళ్ళు సాధారణంగా ముందు గొంతుకే నీడపడతారు. ఇక్కడ మిల్స్ పాడేది విడిగా మరో పాట. ఈ ముడి ఎక్కడుంటే అక్కడ ఆర్.ఇ.ఎమ్. బాగుంది, ఎక్కడ లేకపోతే అక్కడ బాగాలేదు. 15 ఆల్బమ్‌లకీ ఇదే కొలత. అట్ట వెనక పాటల వరస నమ్మి ఏ పాట ఏదో గుర్తుపట్టబోకండి, అది తప్పు.

‘డాక్యుమెంట్’ (1987)తో స్కాట్ లిట్ నిర్మాతగా వచ్చాడు, రేడియో తలుపులు తెరుచుకున్నాయి. ‘ద వన్ ఐ లవ్’ అమెరికాలో టాప్ టెన్‌లోకి వెళ్ళింది. జనం దాన్ని ప్రేమపాట అనుకుని ఒకరికొకరు అంకితమిచ్చుకున్నారు. మొదటి చరణం మూడో పాదం వింటేనే ప్రియమైన మనిషిని కాలక్షేపపు వస్తువని అంటున్నాడని తెలుస్తుంది. ‘ఇట్స్ ద ఎండ్ ఆఫ్ ద వరల్డ్...’ పాట గుక్కతిప్పుకోకుండా సాగే పేర్ల దండకం. అందులో ఎల్.బి. పొడి అక్షరాలవాళ్ళు నలుగురు వరసగా వస్తారు: లెనర్డ్ బెర్న్‌స్టీన్, లియొనిడ్ బ్రెజ్నెవ్, లెనీ బ్రూస్, లెస్టర్ బ్యాంగ్స్. రెండో సగం కొంచెం నిస్సారం. ‘గ్రీన్’ (1988) వార్నర్ అనే పెద్ద రికార్డు కంపెనీకి మారాక మొదటిది. కొన్ని మాండలిన్ పాటలు, కొన్ని స్టేడియం పాటలు, రెండూ కలవలేదు. చివర పేరే లేని 11వ పాట ఉంటుంది, ఆల్బమ్‌లో దాచిన మంచి పాట అదే. ఏదీ నొక్కకుండా వదిలేస్తే అదే వస్తుంది.

మళ్ళీ ‘లూజింగ్ మై రెలిజియన్’ దగ్గరికి (1991). ఇన్నేళ్ళకీ ఎందుకు అరగలేదో చూడాలంటే దాన్ని విప్పాలి. బక్ అప్పుడే మాండలిన్ నేర్చుకుంటున్నాడు. ఆ వరస సాధనలో దొరికింది. మనకి మాండలిన్ అనగానే పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్ చెవిలో మెదులుతాడు. ఆయనది ఒక్కో తీగతో ఐదు తీగల ఎలక్ట్రిక్ వాద్యం, గమకం పలకడానికి కట్టించుకున్నది. బక్ చేతిలోది మామూలు ఎనిమిది తీగలది, నాలుగు జతలు. స్వరం సాగదు, గలగలమని ఆగిపోతుంది. ఆ ఆగిపోవడాన్నే పాట వాడుకుంది. నిలవని స్వరాల కింద పీటర్ హోల్సాపుల్ అకూస్టిక్ గిటార్ నిలకడగా నడుస్తుంది, దాని కింద మిల్స్ బేస్, పైన తీగవాద్యాలు, అక్కడక్కడా చప్పట్లు. కార్డులు కష్టమైనవి కావు: చరణం ఏ మైనర్, ఇ మైనర్ మధ్య ఊగి, డి మైనర్ మీదుగా జి చేరుతుంది. నేర్చుకునేవాళ్ళు తప్పు చేసేది కుడిచేతితో. గిటార్ మీద గట్టిగా గీరితే పాట చచ్చిపోతుంది. మామూలు లెక్కన చూస్తే దీనికి పల్లవి లేదు. ఎక్కడా బద్దలవ్వదు, అదే బిగువు నాలుగున్నర నిమిషాలు లాగుతుంది.

వీడియో తీసింది జలంధర్‌లో పుట్టిన తర్సెమ్ సింగ్. మన సినిమాల అతి నాటకీయతనీ, ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వర్ణచిత్రాల వెలుగునీ కలిపాడు. రెక్కల మనిషి పడిపోయే సెట్లు చూస్తుంటే పౌరాణిక సినిమా స్టూడియోలోకి వెళ్ళినట్టుంటుంది. ఆ ఏడాది ఎమ్‌టీవీలో ఉత్తమ వీడియో అదే. ఇక ‘ఔట్ ఆఫ్ టైమ్’ మొత్తానికి నా సలహా: రెండో పాటతో మొదలుపెట్టండి, ‘షైనీ హ్యాపీ పీపుల్’ దాటేయండి. బృందానికే అది తలవంపని అనుకోవడానికి ఆధారముంది, 2003 సంకలనం ‘ఇన్ టైమ్’లో దాన్ని చేర్చలేదు. ‘కంట్రీ ఫీడ్‌బ్యాక్’ మాత్రం వదలకండి.

‘ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్’ (1992) గురించి ఎంత చెప్పినా తక్కువే. పేరు ఏథెన్స్‌లోని వీవర్ డీస్ అనే భోజనశాల నినాదం. చావు, వయసు, పోయినవాళ్ళు ఇందులో చాలా పాటల్లో ఉన్నారు, కానీ ఏడుపు లేదు. నాలుగు పాటలకి తీగవాద్యాలు కూర్చింది లెడ్ జెప్పెలిన్ బేసిస్టు జాన్ పాల్ జోన్స్. ‘ఎవ్రీబడీ హర్ట్స్’ పునాది పాత డ్రమ్ మెషీన్ టకటక. డ్రమ్మర్ బెర్రీ రాసిన పాటలో డ్రమ్మర్‌కి పెద్దగా పనిలేదు. ఆరు లెక్కల ఆ యంత్రపు తాళమే పాటని కన్నీళ్ళ మడుగు కాకుండా కాపాడింది. ‘నైట్‌స్విమ్మింగ్’లో మిల్స్ పియానో గిరగిరా తిరుగుతూ ఎక్కడా దిగదు, స్టైప్ దాని మీద నడుస్తాడు, చివర్లో ఓబో చేరుతుంది. గిటార్, డ్రమ్స్ లేవు. ఈ రికార్డు పాడైపోయే చోటు ఒకటుంది: చిన్న శబ్దంతో, పనులు చేసుకుంటూ పెట్టుకుంటే గోడకి వేసిన రంగులా కలిసిపోతుంది. ఒకసారి కూర్చుని 48 నిమిషాలు ఇవ్వండి. 2017 పాతికేళ్ళ సంచికలో బ్లూ-రే మీద అట్మాస్ మిక్స్ (చుట్టూ పెట్టిన స్పీకర్ల కోసం చేసిన రూపం) ఉంది. తీగవాద్యాలు చుట్టూ విచ్చుకోవడం బాగుంటుంది, కానీ అలాంటి స్పీకర్లు ఇంట్లో లేనివాళ్ళు దాని కోసం డబ్బు పెట్టొద్దు. అదే సంచికలోని 1992 నవంబరు 19 నాటి ఏథెన్స్ ‘40 వాట్ క్లబ్’ కచేరీ అసలు సొత్తు.

‘మాన్‌స్టర్’ (1994) నారింజ రంగు అట్ట. అమెరికాలో పాత సీడీల దుకాణాల్లో చవక డబ్బాలో ఎప్పుడూ కనపడే రికార్డు ఇది. అంత కొని అంతగా వదిలించుకున్నారు. తప్పంతా జనానిది కాదు. బక్ గిటార్ మొత్తం ట్రెమెలో అనే పరికరం తెచ్చే వణుకుతో, గొంతు వాటి కింద నలిగిపోయి ఉంటుంది. ‘వాట్స్ ద ఫ్రీక్వెన్సీ, కెన్నెత్?’ చివర్లో లయ మందగించడం గమనించారా? అది కావాలని చేసింది కాదు. మిల్స్ వాయిస్తూ వాయిస్తూ నెమ్మదించాడు, మిగతావాళ్ళు అతన్ని అనుసరించారు, తీరా చూస్తే అతనికి అపెండిసైటిస్. మళ్ళీ రికార్డు చెయ్యలేదు. ‘లెట్ మీ ఇన్’ నిర్వాణా బృందం గాయకుడు కర్ట్ కొబెయిన్ చనిపోయాక రాసినది. వాయించింది కొబెయిన్ గిటార్ మీద, మిల్స్ చేత్తో.

2019లో స్కాట్ లిట్ ఈ ఆల్బమ్‌ని తనే మళ్ళీ మిక్స్ చేశాడు. యాప్‌లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. తెలియకుండా ‘రీమిక్స్’ వింటూ ఇదే అసలనుకునేవాళ్ళున్నారు. అందులో గొంతు ముందుకొచ్చింది, వణుకు తగ్గింది, కొన్నిచోట్ల స్టైప్ వేరే టేకులు వాడారు. పాట ఎలా కట్టారో తెలుసుకోవడానికి ఎక్స్‌రేలా పనికొస్తుంది. బదులుగా మాత్రం పనికిరాదు, ఆ గోలే ఈ రికార్డు ఉద్దేశం.

ఆ పర్యటనలోనే, 1995 మార్చి 1న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో, బెర్రీ మెదడులో రక్తనాళం ఉబ్బి వేదిక మీద కుప్పకూలాడు. ఆపరేషనయి కోలుకుని తిరిగొచ్చాడు. ఆ పర్యటన సౌండ్‌చెక్‌లలో, వేదికల మీద, డ్రెసింగ్ రూములో కూడా చాలావరకు రికార్డు చేసినదే ‘న్యూ అడ్వెంచర్స్ ఇన్ హై-ఫై’ (1996). 14 పాటలు, 65 నిమిషాలు, వాళ్ళ ఆల్బమ్‌లలో అతి పొడవైనది. ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది ఇదే. ఖాళీ హాలు గాలి వాద్యాల చుట్టూ వినిపిస్తుంది, స్టూడియోలో అది పుట్టించలేరు. ‘ఇ-బో ద లెటర్’లో గాయని పాటీ స్మిత్ గొంతు కలుస్తుంది. ఇ-బో అంటే తీగ మీద పట్టుకుంటే అయస్కాంత బలంతో దాన్ని ఆగకుండా మోగించే చిన్న పరికరం. గిటార్ వయొలిన్‌లా సాగుతుంది. దాన్నే మొదటి సింగిల్‌గా వదలడం వ్యాపారపరంగా దెబ్బతీసింది, సంగీతపరంగా గర్వపడాల్సిన పని. ‘లీవ్’ ఏడు నిమిషాల పైచిలుకు. నిమ్మళంగా మొదలై, కాసేపటికి సైరన్ లాంటి సింథ్ శబ్దం మొదలవుతుంది, చివరిదాకా ఆగదు. ఇయర్‌ఫోన్లలో అయితే ఆ పాట ముందు శబ్దం రెండు గీతలు తగ్గించుకోండి.

1997 అక్టోబరులో బెర్రీ వెళ్ళిపోయాడు. తర్వాతి ఆల్బమ్‌లలో వినపడేది డ్రమ్ముల లోటు మాత్రమే అనుకుంటే పొరపాటు. మూడో గొంతు పోయింది, పాట సాగదీస్తుంటే ‘చాలు, కత్తిరిద్దాం’ అనే మనిషి పోయాడు. ‘అప్’ (1998) డ్రమ్ మెషీన్లు, పాత కీబోర్డులతో చేసిన విషాదం. 64 నిమిషాలు, కనీసం 15 ఎక్కువ. అయినా మంచి రికార్డే, రాత్రిపూట ‘డేస్లీపర్’, ‘హోప్’ వినండి. సాహిత్యం అంతా అచ్చేసిన మొదటి ఆల్బమ్ కూడా ఇదే. ‘రివీల్’ (2001)లో ‘ఇమిటేషన్ ఆఫ్ లైఫ్’ తప్ప మిగతావి తీపి ఎక్కువైన పాయసం. ‘అరౌండ్ ద సన్’ (2004) గురించి సాకులు వెతకొద్దు. అన్ని పాటలదీ ఒకటే నడక, నాలుగో పాటకి వచ్చేసరికి మొదటిది గుర్తుండదు.

దాన్నుంచి బయటపడటానికి 2007లో డబ్లిన్ ఒలింపియా థియేటర్లో ఐదు రాత్రులు జనం ముందే కొత్త పాటల రిహార్సల్ చేశారు. అక్కడ గట్టిపడిన పాటలే ‘యాక్సిలరేట్’ (2008), 34 నిమిషాలు. పాటలు బాగున్నాయి, మాస్టరింగ్ (విడుదలకి ముందు చివరగా శబ్దాన్ని సరిచేసే పని) బాగాలేదు. శబ్దాన్ని పైకప్పుకి ఆనేదాకా నొక్కేశారు, డ్రమ్ దెబ్బకీ గిటార్‌కీ మధ్య సందు లేదు, రెండుసార్లు వరసగా వింటే చెవి అలిసిపోతుంది. వాల్యూమ్ తగ్గించినా ఆ నొక్కుడు పోదు. 39 పాటల ‘లైవ్ ఎట్ ది ఒలింపియా’లో అవే పాటలు ఊపిరి తీసుకుంటాయి, పాత ఐ.ఆర్.ఎస్. కాలపు మరుగున పడ్డ పాటలు కూడా అందులో ఉన్నాయి.

కొనేవాళ్ళకి ఒక మాట. తొలి ఐదు ఆల్బమ్‌ల 25వ ఏటి సంచికలు తీసుకుంటే రెండో డిస్కులే లాభం: ‘మర్మర్’తో టొరంటో కచేరీ, ‘రెకనింగ్’తో షికాగో, ‘డాక్యుమెంట్’తో ఉట్రెక్ట్, ‘ఫేబుల్స్’, ‘పేజెంట్’లతో ఏథెన్స్ డెమోలు. యాప్‌లో అదే డీలక్స్ పెడితే ఆల్బమ్ అయిపోయాక ఆగకుండా డెమోల్లోకి జారిపోతుంది, అప్పటిదాకా కట్టిన వాతావరణం కూలిపోతుంది. మామూలు సంచిక విడిగా దాచుకోండి.

ఆఖరిది ‘కొలాప్స్ ఇన్‌టు నౌ’ (2011 మార్చి). విడిపోతున్నామని లోకానికి చెప్పింది సెప్టెంబరు 21న, కానీ పర్యటన లేకపోవడంతోనే అనుమానం రావాల్సింది. పాత ఒక్కో ఆల్బమ్ నుంచి ఒక్కో నమూనా తీసి పేర్చినట్టుంటుంది, అది బలమూ బలహీనతా. ‘ఊబర్లిన్’, ‘ఓ మై హార్ట్’ నిలుస్తాయి. చివరి పాట ‘బ్లూ’లో పాటీ స్మిత్ మళ్ళీ వస్తుంది, స్టైప్ పాడకుండా చదువుతాడు, అది సద్దుమణిగాక మొదటి పాట ‘డిస్కవరర్’ గిటార్ మళ్ళీ అందుకుంటుంది. రిపీట్ నొక్కి ఉంచితే నేరుగా మొదటికి వెళ్ళిపోతుంది.